గౌలైటర్ అంటే ఎవరు? ఆర్థర్ గ్రైజర్ ఎదుగుదల, పతనం

1942 మే 1న, నాజీ జర్మనీ కలుపుకున్న పడమటి పోలండ్‌లో ఒక ప్రాంతాన్ని ఏలుతున్న ఆర్థర్ గ్రైజర్ అనే అధికారి, నాజీ పోలీసు దళాల అధిపతి హైన్రిష్ హిమ్లర్‌కు ఒక ఉత్తరం రాశాడు. మామూలు ఆఫీసు ఉత్తరంలాగే ఉంటుంది. తన ప్రాంతంలో సుమారు లక్ష మంది యూదులకు సంబంధించిన పని మరో రెండు మూడు నెలల్లో పూర్తవుతుందని మొదట చెప్పాడు. ఆ పనిని 'ప్రత్యేక చర్య' అని రాశాడు. నాజీల ఆఫీసు భాషలో ఆ మాటకు చంపడం అని అర్థం. ఆ తర్వాత అసలు విషయానికి వచ్చాడు. ఈ పని చేస్తున్న బృందానికి ఇప్పుడు మంచి అనుభవం వచ్చింది, అది పూర్తవగానే ఇక్కడ క్షయ ముదిరిన పోలిష్ వాళ్లను కూడా ఇదే బృందంతో వదిలించుకోవచ్చు, వాళ్లు 35 వేల మంది ఉంటారు, అనుమతి ఇవ్వండి అని అడిగాడు.

నాలుగేళ్ల తర్వాత ఇదే మనిషి పోలండ్‌లోని పోజ్నాన్ నగరంలో కోర్టు ముందు నిలబడ్డాడు. విధానాలన్నీ హిట్లర్, హిమ్లర్ నిర్ణయించినవేనని, తాను వాటిని అమలు చేశానంతేనని చెప్పుకున్నాడు.

'పైవాళ్లు చెప్పారు, నేను చేశాను' అనే వాదన యుద్ధ నేరాల విచారణ ఎక్కడ జరిగినా వినిపిస్తుంది. దాన్ని తూచి చూడాలంటే హిట్లర్ లాంటి పెద్ద తలకాయల చరిత్ర సరిపోదు, తుపాకీ పట్టుకున్న మామూలు సిపాయి కథ కూడా సరిపోదు. ఆ ఇద్దరి మధ్య కుర్చీలో కూర్చున్నవాడి ఫైళ్లు చూడాలి. గ్రైజర్ అలాంటివాడు. అతని ఫైళ్లు చాలానే మిగిలాయి.

## గౌ, గౌలైటర్, రైష్‌గౌ: మాటల చిక్కు

'గౌ' అనేది జర్మన్‌లో పాత మాట. ఒక సీమ, ఒక ప్రాంతం అని అర్థం. నాజీ పార్టీ తన సంస్థను ప్రాంతాల వారీగా విడగొట్టి ఒక్కో భాగానికి ఈ పేరు పెట్టుకుంది. ఆ ప్రాంతంలో పార్టీకి నాయకుడు 'గౌలైటర్'. లైటర్ అంటే నడిపించేవాడు. యుద్ధకాలానికి ఇలాంటి గౌలు 40కి పైగా ఉండేవి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. గౌలైటర్ అనేది పార్టీ పదవి. ప్రభుత్వంలో గవర్నర్లు, మంత్రులు, కలెక్టర్ల లాంటి అధికారులు వేరే ఉండేవాళ్లు. పాత జర్మనీలో ఈ రెండు వ్యవస్థల సరిహద్దులు కూడా కలిసేవి కావు. దాంతో గౌలైటర్‌కూ ప్రభుత్వ అధికారులకూ మధ్య రోజూ ఏదో ఒక గొడవ నడిచేది.

1939లో పోలండ్‌ను ఆక్రమించి, దాని పడమటి భాగాన్ని జర్మనీలో కలుపుకున్నప్పుడు హిట్లర్ ఈ అడ్డంకి తీసేశాడు. కొత్త ప్రాంతాలకు 'రైష్‌గౌ' అని పేరు పెట్టి, పార్టీ సరిహద్దు, ప్రభుత్వ సరిహద్దు ఒకటే చేశాడు. పార్టీ నాయకుడే గవర్నర్ కూడా. గవర్నర్ పదవి పేరు 'రైష్‌స్టాట్‌హాల్టర్'. పార్టీ అధ్యక్షుడూ, రాష్ట్ర గవర్నరూ, అన్ని శాఖల ముఖ్యాధికారీ ఒకే మనిషి అయితే, పైగా అడిగే అసెంబ్లీ గానీ పత్రిక గానీ ఆపే కోర్టు గానీ లేకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అదే రైష్‌గౌ.

అయితే పోలీసుల విషయం వేరు. నాజీ పార్టీ సాయుధ దళాలైన ఎస్‌ఎస్, పోలీసు దళాలు హిమ్లర్ కింద ఉండేవి. ప్రతి ప్రాంతంలో అతని మనిషి ఒకడు ఉండేవాడు. గ్రైజర్ దగ్గర ఆ మనిషి పేరు విల్‌హెల్మ్ కొప్పె. కాగితం మీద కొప్పె గవర్నర్ కింద ఉన్నట్టే, కానీ ఆదేశాలు హిమ్లర్ నుంచి తీసుకుంటాడు. గ్రైజర్ బాధ్యత ఎంత అనే చర్చకు మూలం ఈ రెండు తాళ్ల ముడే.

## పోలిష్ తెలిసిన కుర్రాడు

గ్రైజర్ 1897 జనవరి 22న శ్రోదా అనే ఊళ్లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. అప్పట్లో ఆ ప్రాంతం జర్మనీలోని ప్రష్యా రాజ్యం ఏలుబడిలో ఉండేది. ఇనోవ్రోత్స్లావ్ అనే పట్టణంలో పెరిగాడు. చుట్టూ పోలిష్ వాళ్లే. ఆ భాష అతనికి వచ్చు. తర్వాత వెళ్లగొట్టిన, చంపించిన మనుషులు అతనికి ముక్కూ మొహం తెలియని పరాయివాళ్లు కారన్నది గుర్తుపెట్టుకోవాలి.

1914లో యుద్ధం మొదలవగానే చదువు మధ్యలో వదిలేసి నౌకాదళంలో చేరాడు, తర్వాత నౌకాదళ విమానాల్లో పనిచేశాడు. యుద్ధంలో జర్మనీ ఓడింది. అతను పుట్టి పెరిగిన ప్రాంతమంతా కొత్తగా ఏర్పడిన పోలండ్‌కు వెళ్లిపోయింది. గ్రైజర్ డాన్‌జిగ్ నగరానికి చేరుకున్నాడు. ఇప్పటి గ్దాన్‌స్క్ అదే. అక్కడ చేసిన వ్యాపారాలు కలిసిరాలేదు. కొన్నాళ్లు సముద్రంలో టూరిస్టులను తిప్పే పడవ నడిపాడు. నాజీ పార్టీలో 1929 డిసెంబర్‌లో గానీ చేరలేదు. పార్టీలో ముందునుంచీ ఉన్న పాత కాపుల లెక్కలో ఇది ఆలస్యమే. ఆ లోటు పూడ్చుకోవడానికే తర్వాత అందరికంటే ఎక్కువ కఠినంగా ప్రవర్తించాడని కొందరు చరిత్రకారులు అంటారు. ఇది అతని మనసు గురించి చేసే ఊహ కాబట్టి నేను దీనిమీద ఎక్కువ బరువు వేయను. కానీ సొంత ఊరు పోగొట్టుకున్నవాడి కసి, పైకి రావాలన్న ఆరాటం రెండూ అతని ప్రతి అడుగులోనూ కనిపిస్తాయి.

## డాన్‌జిగ్: పైన ఇంకో మనిషి

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత డాన్‌జిగ్‌ను జర్మనీకీ ఇవ్వలేదు, పోలండ్‌కూ ఇవ్వలేదు. నానాజాతి సమితి పర్యవేక్షణలో 'స్వతంత్ర నగరం'గా ఉంచారు. జనంలో ఎక్కువమంది జర్మన్లు. రేవు, రైళ్లు, విదేశాంగం విషయాల్లో పోలండ్‌కు ప్రత్యేక హక్కులు ఉండేవి. సమితి తరఫున ఒక హైకమిషనర్ ఉండేవాడు.

1933లో నాజీలు ఇక్కడ ఎన్నికల్లో గెలిచారు. 1934 నవంబర్‌లో గ్రైజర్ సెనేట్ అధ్యక్షుడయ్యాడు, అంటే ప్రభుత్వాధినేత. అయితే పార్టీ గౌలైటర్ మాత్రం ఆల్బర్ట్ ఫోర్‌స్టర్. వయసులో గ్రైజర్ కంటే చిన్నవాడు, హిట్లర్‌కు బాగా దగ్గర. ఇద్దరికీ క్షణం పడేది కాదు.

1936 జూలై 4న జెనీవాలో గ్రైజర్ చేసిన పని అప్పటి ప్రపంచ పత్రికలన్నింటికీ ఎక్కింది. సమితి సమావేశంలో హైకమిషనర్ షాన్ లెస్టర్ మీద, డాన్‌జిగ్ మీద సమితి పెత్తనం మీద విరుచుకుపడి మాట్లాడాడు. వెళ్లేటప్పుడు నాజీ సెల్యూట్ కొట్టాడు. విలేకరుల గ్యాలరీలో నవ్వులు వినిపించాయి. వాళ్ల వైపు తిరిగి ముక్కు మీద బొటనవేలు ఆనించి, మిగతా వేళ్లు ఆడిస్తూ వెక్కిరించాడు. ఒక ప్రభుత్వాధినేత అంతర్జాతీయ సభలో చేసిన పని అది. సమితి ఏమీ చేయలేకపోయింది. ఎదుటివాళ్లు చేతులు ముడుచుకున్నారని నాజీలకు అర్థమైన సందర్భాల్లో ఇదీ ఒకటి.

ఫోర్‌స్టర్‌తో పోరులో మాత్రం గ్రైజర్ ఓడిపోయాడు. యుద్ధానికి వారం ముందు, 1939 ఆగస్టు 23న, ఫోర్‌స్టర్ తననే డాన్‌జిగ్ దేశాధినేతగా ప్రకటింపజేసుకున్నాడు. సెప్టెంబర్ 1న యుద్ధం మొదలైంది. గ్రైజర్ చేతిలో చెప్పుకోదగ్గ అధికారం లేకుండా పోయింది.

## వార్తెగౌ: సొంత గడ్డకు యజమానిగా

ఆ వెలితి ఎంతోకాలం లేదు. సెప్టెంబర్‌లోనే అతన్ని పోజ్నాన్‌కు పంపారు. అక్టోబర్‌లో గౌలైటర్, గవర్నర్ రెండు పదవులూ ఇచ్చారు. వర్తా నది పేరు మీద ఆ ప్రాంతాన్ని తర్వాత వార్తెలాండ్ అన్నారు, వాడుకలో వార్తెగౌ. జనాభా సుమారు 49 లక్షలు. అందులో 42 లక్షల మంది పోలిష్ వాళ్లు, 4 లక్షలకు కాస్త తక్కువగా యూదులు, 3 లక్షల పైచిలుకు జర్మన్లు. ఈ అంకెలు పెట్టుకుని ఆ ప్రాంతాన్ని 'పూర్తి జర్మన్ గడ్డ'గా మార్చాలి. పదేళ్లలో ఈ ప్రాంతాలు జర్మన్‌గా మారితే చాలు, ఎలా మార్చారని అడగను అని హిట్లర్ తన గౌలైటర్లతో అన్నాడని చెబుతారు. గ్రైజర్ తన గౌను మిగతావాళ్లకు ఆదర్శంగా, 'మోడల్ గౌ'గా చేస్తానని పూనుకున్నాడు.

మొదట మనుషులను వెళ్లగొట్టడంతో మొదలుపెట్టారు. 1939 డిసెంబర్ 1 నుంచి 17 వరకు, పదిహేడు రోజుల్లో, 87 వేల మందికి పైగా పోలిష్ వాళ్లను, యూదులను రైళ్లలో కుక్కి తూర్పుకు, జర్మన్ల చేతిలోని మిగతా పోలండ్‌కు పంపారు. గడ్డకట్టే చలికాలం. 1941 మార్చికి ఆ సంఖ్య రెండున్నర లక్షలు దాటింది. ఖాళీ అయిన ఇళ్లలోకి, పొలాల్లోకి బాల్టిక్ దేశాల నుంచీ ఇతర ప్రాంతాల నుంచీ తెచ్చిన జర్మన్లను దింపారు.

మిగిలిన పోలిష్ వాళ్ల బతుకును రోజువారీ నిబంధనలతో బిగించారు. హైస్కూళ్లు మూసేశారు. పార్కులకు, మ్యూజియాలకు, లైబ్రరీలకు రానివ్వలేదు. దుకాణాలకు వేరే వేళలు. పెళ్లికి మగవాళ్లకు 28, ఆడవాళ్లకు 25 ఏళ్లు నిండాలని రూలు పెట్టారు, పిల్లలు తక్కువ పుట్టాలని. 1940 సెప్టెంబర్‌లో గ్రైజర్ ఇంకో ఉత్తర్వు తెచ్చాడు. పోలిష్ వాళ్లతో స్నేహంగా మెలిగే జర్మన్లను కూడా నిర్బంధంలో పెట్టొచ్చు. పక్కింటివాళ్లతో మాట్లాడటం కూడా నేరమైందన్నమాట. చర్చిలను మామూలు ప్రైవేటు సంఘాల స్థాయికి దించారు. 1941 అక్టోబర్‌లో ఫాదర్లను వందల సంఖ్యలో అరెస్టు చేసి చాలామందిని జర్మనీలోని డాకౌ నిర్బంధ క్యాంపుకు పంపారు.

## 35 కిలోమీటర్ల తేడా: రెండు కుటుంబాల లెక్క

ఇదంతా బెర్లిన్ ఆదేశమే కదా, అక్కడ ఎవరున్నా ఇదే జరిగేది కదా అనే ప్రశ్న వస్తుంది. దీనికి జవాబు పక్క గౌలోనే దొరుకుతుంది. ఉత్తరాన ఉన్న డాన్‌జిగ్-వెస్ట్ ప్రష్యా గౌ ఫోర్‌స్టర్ చేతిలో ఉంది. ఇద్దరికీ హిట్లర్ అప్పగించిన పని ఒకటే.

ముందు 'ఫోల్క్స్‌లిస్టె' గురించి తెలియాలి. 'జాతి జాబితా' అని దానికి అర్థం. అందులో నాలుగు గ్రూపులు. మొదటి గ్రూపు, జర్మన్ తనం కోసం చురుకుగా పనిచేసినవాళ్లు. రెండోది, పని చేయకపోయినా జర్మన్లుగా మిగిలినవాళ్లు. మూడోది, జర్మన్ మూలాలుండి పోలిష్ వాళ్లలో కలిసిపోతున్నవాళ్లు. నాలుగోది, పూర్తిగా పోలిష్ పక్షం వహించిన జర్మన్ సంతతివాళ్లు. మూడో గ్రూపులో పేరున్నా ఇల్లు, ఉద్యోగం, రేషన్ చాలావరకు మిగులుతాయి. జాబితాలో పేరే లేకపోతే అవేవీ మిగలవు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఫోర్‌స్టర్ గౌలోని తోరున్ పట్టణంలో ఒక వడ్రంగి కుటుంబం ఉందనుకోండి. ఇంట్లో పోలిష్ మాట్లాడతారు. తాత పేరు మాత్రం జర్మన్ పేరులా వినిపిస్తుంది. దక్షిణంగా 35 కిలోమీటర్ల దూరంలో, గ్రైజర్ పెరిగిన ఇనోవ్రోత్స్లావ్‌లో, అచ్చం అలాంటిదే ఇంకో కుటుంబం ఉందనుకుందాం. తోరున్ కుటుంబాన్ని ఫోర్‌స్టర్ మనుషులు పెద్దగా విచారించకుండా, చాలాసార్లు బెదిరించి మరీ, మూడో గ్రూపులో రాయించే అవకాశం ఎక్కువ. తన గౌ తొందరగా 'జర్మన్' అయిపోయిందని పైకి చూపించుకోవడం ఫోర్‌స్టర్‌కు కావాలి. ఇనోవ్రోత్స్లావ్ కుటుంబం మాత్రం జర్మన్ రక్తం ఉందని కాగితాలతో రుజువు చేసుకోవాలి. చేసుకోలేకపోతే ఏదో ఒక రాత్రి తలుపు తట్టి, మూటాముల్లె సర్దుకోమంటారు.

యుద్ధం చివరి దశకు వచ్చేసరికి ఫోర్‌స్టర్ గౌలో జాబితాకెక్కినవాళ్లు 9 లక్షలకు పైగా, వాళ్లలో అత్యధికులు మూడో గ్రూపు. అంతకంటే చాలా పెద్ద జనాభా ఉన్న వార్తెగౌలో సుమారు 5 లక్షలు.

దీన్నిబట్టి ఫోర్‌స్టర్ దయగలవాడని అనుకోకూడదు. 1939 శరత్కాలంలో అతని గౌలో వేలాది పోలిష్ టీచర్లను, ఫాదర్లను, చదువుకున్నవాళ్లను అడవుల్లోకి తీసుకెళ్లి కాల్చి చంపారు. మూడో గ్రూపులో చేరినవాళ్ల కొడుకులను జర్మన్ సైన్యంలోకి లాక్కున్నారు. ఈ ఉదాహరణతో తేలేది ఒకటే. ఒకే యజమాని కింద, ఒకే లక్ష్యంతో పనిచేసిన ఇద్దరు గౌలైటర్లు వేర్వేరు దారులు పట్టగలిగారు. అంటే ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఎంచుకునే వీలు ఉంది.

## హెల్మ్నో: ఆదేశమా, విన్నపమా

అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇది. వార్తెగౌలోనే వూచ్ నగరం ఉంది. మ్యాపుల్లో లాడ్జ్ అని కనిపించేది అదే. 1940 ఏప్రిల్ 30న అక్కడి ఘెట్టోను మూసేశారు. సుమారు లక్షా 60 వేల మంది యూదులను కంచెల మధ్య బంధించి, ఆకలితో పని చేయించుకున్నారు.

1941 సెప్టెంబర్ 18న హిమ్లర్ నుంచి గ్రైజర్‌కు ఒక ఉత్తరం వచ్చింది. జర్మనీని యూదులు లేని దేశంగా చేయాలని ఫ్యూరర్ (హిట్లర్) కోరుతున్నారు, అందుకని 60 వేల మందిని వూచ్ ఘెట్టోకు పంపుతున్నాం అని. ఘెట్టోలో ఇప్పటికే చోటు లేదని స్థానిక అధికారులు గొడవ పెట్టారు. బేరం జరిగి చివరికి 20 వేల మంది యూదులు, 5 వేల మంది రోమా జాతివాళ్లు వచ్చారు.

ఆ వెంటనే, 1941 డిసెంబర్ 8న, హెల్మ్నో అనే పల్లెలో చంపడం మొదలైంది. అక్కడొక పాత జమీందారు భవనం ఉంది. జనాన్ని అక్కడికి తీసుకొచ్చి, స్నానం చేయించి పనికి పంపుతామని చెప్పి బట్టలు విప్పించేవాళ్లు. మెట్లు దింపి, ఒక వాలు మీదుగా, మూసి ఉన్న లారీలోకి తోసేవాళ్లు. తలుపులు బిగించాక ఇంజన్ పొగను గొట్టంతో లోపలికి మళ్లించేవాళ్లు. శవాలను దగ్గర్లోని అడవిలో పూడ్చేవాళ్లు. యూదుల సామూహిక హత్యకోసమే నెలకొల్పిన మొదటి కేంద్రం ఇదే. బెర్లిన్‌లో నాజీ అధికారులు కూర్చుని యూదుల నిర్మూలనను సమన్వయం చేసుకున్న వాన్‌జే సమావేశానికి ఆరు వారాల ముందే ఇది పని మొదలుపెట్టింది. ఇక్కడ చనిపోయినవాళ్లు కనీసం లక్షా 52 వేల మంది అని తర్వాత జర్మన్ కోర్టు తేల్చింది.

ఇది ఎవరి నిర్ణయం? చరిత్రకారుల్లో రెండు వాదనలున్నాయి. ఒక పక్షం అన్నిటికీ మూలం బెర్లిన్ అంటుంది. యూదులను పంపాలన్నది హిట్లర్ కోరిక, చంపే బృందం హిమ్లర్ కింది పోలీసులది, గ్రైజర్ తన ఉత్తరంలోనే ఈ పనిని హిమ్లర్ కింద భద్రతా పోలీసుల అధిపతిగా ఉన్న హైడ్రిష్ ఆమోదించాడని రాశాడు కదా అని. రెండో పక్షం ఇలా అంటుంది: ఆమోదించాడు అంటేనే ఎవరో అడిగారని అర్థం. ఘెట్టోలోకి కొత్తవాళ్లను తీసుకుంటాను, బదులుగా పని చేయలేని లక్ష మందిని వదిలించుకోనివ్వండి అని గ్రైజర్ అనుమతి సంపాదించి ఉండాలి. కింది అధికారులు పైవాడి మనసెరిగి, అతను చెప్పకముందే ఒక అడుగు ముందుకు వేసేవాళ్లని, పైవాళ్లు దాన్ని ఆమోదించేవాళ్లని, ఆ రాజ్యం నడిచిన తీరే అదని వాళ్లు చూపిస్తారు.

నాకు రెండో వాదన బలంగా కనిపిస్తుంది. కారణం, మొదట్లో చెప్పిన క్షయ రోగుల ఉత్తరం. అందులో గ్రైజర్‌కు బెర్లిన్ నుంచి ఏ ఆదేశమూ రాలేదు. ఆలోచన వార్తెగౌలోనే పుట్టింది. హిమ్లర్ మొదట సరేనన్నాడు. కుర్ట్ బ్లోమె అనే నాజీ వైద్యాధికారి 1942 నవంబర్‌లో అభ్యంతరం చెప్పాడు. ఇంతమందిని చంపితే రహస్యం దాగదు, శత్రువులు ప్రచారానికి వాడుకుంటారు, జర్మనీలో మానసిక రోగులను చంపే కార్యక్రమాన్ని ఫ్యూరరే ఆపించారు కదా అని. అప్పుడు గ్రైజర్ హిమ్లర్‌కు మళ్లీ రాశాడు. ఈ విషయంలో ఫ్యూరర్‌ను మళ్లీ అడగనక్కర్లేదని తన అభిప్రాయమని, యూదుల గురించి మాట్లాడినప్పుడు నీ ఇష్టప్రకారం చేసుకోమని ఫ్యూరర్ తనతో అన్నారని అందులో ఉంది. చివరికి ఆ పథకం ఆగిపోయింది. ఒక్క అధికారి, అదీ మానవత్వంతో కాకుండా లాభనష్టాలు లెక్కవేసి, వద్దంటే 35 వేల మందిని చంపే పథకం ఆగింది. వద్దన్నవాడికి ఏమీ కాలేదు.

ఇంకో కాగితం కూడా ఉంది. 1943 మార్చిలో హెల్మ్నో మొదటి దశ ముగిసినప్పుడు గ్రైజర్ స్వయంగా అక్కడికి వెళ్లాడు. ఆ బృందంలోని 85 మందికి కృతజ్ఞతలు చెప్పాడు. వాళ్లు సెలవుల్లో కొన్నాళ్లు తన ఎస్టేట్లలో అతిథులుగా ఉండటానికి అనుమతించమని హిమ్లర్‌కు ఉత్తరం రాశాడు. ఇష్టం లేకుండా ఆదేశం పాటించిన అధికారి రాసే ఉత్తరం ఇలా ఉండదు.

## 1945 జనవరి 20

పోజ్నాన్‌లో జర్మన్ చక్రవర్తి కోసం కట్టిన ఒక కోట ఉంది. యుద్ధకాలంలో దాన్ని హిట్లర్ నివాసంగా మార్చడానికి లోపలంతా తిరగగట్టారు. ప్రార్థన మందిరాన్ని హిట్లర్ ఆఫీసు గది చేశారు. గ్రైజర్ ఆఫీసు కూడా ఆ కోటలోనే.

1945 జనవరి 12న సోవియట్ సైన్యం దాడి మొదలైంది. వార్తెగౌలోని జర్మన్లకు ఊళ్లు వదిలి వెళ్లడానికి గ్రైజర్ చివరిదాకా అనుమతి ఇవ్వలేదు. జనవరి 20న ఖాళీ చేయమన్నారు, అదే రోజు సాయంత్రం అతను పోజ్నాన్ దాటి వెళ్లిపోయాడు. ఏ జర్మన్ల పేరు చెప్పి ఇదంతా చేశాడో ఆ జర్మన్ కుటుంబాలే పిల్లాజెల్లాతో, బళ్ల మీద, మంచులో, ఎటు వెళ్లాలో తెలియక రోడ్డున పడ్డాయి. నగరంలో పోరాటం ఫిబ్రవరి 23 దాకా సాగింది. ఫ్యూరర్ ఆదేశం మీదే వచ్చానని గ్రైజర్ చెప్పుకున్నా, నాజీల్లోనే అతనికి పిరికివాడన్న ముద్ర పడింది. హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ డైరీలో అతని మీద కోపం కనిపిస్తుంది. మే నెలలో ఆల్ప్స్ పర్వతాల ప్రాంతంలో అమెరికన్లకు చిక్కాడు. మరుసటి ఏడాది వాళ్లు పోలండ్‌కు అప్పగించారు.

## యూనివర్సిటీ హాల్లో కోర్టు

యుద్ధ నేరస్థుల కోసం పోలండ్ 1946 జనవరిలో 'సుప్రీం నేషనల్ ట్రిబ్యునల్' ఏర్పాటు చేసింది. దాని ముందుకు వచ్చిన మొదటి కేసు గ్రైజర్‌ది. జూన్ 21న పోజ్నాన్ యూనివర్సిటీ సభామందిరంలో విచారణ మొదలైంది.

ఆ సమయంలో పోలండ్ ఎలా ఉందో కూడా చూడాలి. కమ్యూనిస్టులు అధికారం బిగించుకుంటున్నారు. విచారణ జరుగుతుండగానే, జూన్ 30న, వాళ్లు ఒక రెఫరెండం పెట్టి ఫలితాలు తారుమారు చేశారు. జూలై 4న కీల్‌ట్సె పట్టణంలో, ఘోరాల నుంచి బతికి బయటపడిన యూదుల మీద స్థానిక జనం, సైనికులు, పోలీసులు దాడి చేసి 40 మందికి పైగా చంపారు. ప్రజల్లో పరపతి కోసం తహతహలాడుతున్న ప్రభుత్వానికి గ్రైజర్ విచారణ అక్కరకొచ్చింది. అందుకే ఇది నిజమైన విచారణా, తంతా అని అడిగేవాళ్లున్నారు.

రికార్డు చూస్తే తంతు అనలేం. గ్రైజర్‌కు ఇద్దరు పోలిష్ లాయర్లను పెట్టారు. తమను వదిలేయమని వాళ్లు కోరారు, కోర్టు ఒప్పుకోలేదు. అప్పుడు వాళ్లు మొక్కుబడిగా కాకుండా గట్టిగా వాదించారు. వాళ్లలో ఒకరు స్తానిస్లావ్ హేమోవ్‌స్కి. పదేళ్ల తర్వాత పోజ్నాన్ కార్మికుల తిరుగుబాటు కేసుల్లో నిందితుల తరఫున నిలబడి ప్రభుత్వ ఆగ్రహానికి గురైంది కూడా ఆయనే. జూలై 9న తీర్పు వచ్చింది. మరణశిక్ష. కానీ స్వయంగా తన చేతులతో చంపాడు, కొట్టాడు అన్న ఆరోపణలు రుజువు కాలేదని కోర్టు కొట్టేసింది. ఎవరినీ తన చేత్తో ముట్టుకోకుండానే లక్షల మంది చావుకు బాధ్యుడైన మనిషిగా అతన్ని శిక్షించింది.

## అప్పటికి లేని చట్టంతో శిక్షించవచ్చా

డిఫెన్స్ లాయర్ల బలమైన వాదన ఇది. గ్రైజర్ ఆ పనులు చేసే నాటికి వాటిని నేరాలుగా చెప్పే చట్టం లేదు. శిక్ష వేసింది 1944 ఆగస్టులో వచ్చిన పోలిష్ డిక్రీ కింద. మన రాజ్యాంగం 20వ అధికరణం కూడా ఇదే సూత్రం చెబుతుంది: పని చేసినప్పుడు అమల్లో ఉన్న చట్టాన్ని ఉల్లంఘిస్తే తప్ప ఎవరినీ నేరస్థుడిగా తేల్చకూడదు.

ఈ వాదనను రెండు ముక్కలుగా విడగొట్టాలి. హత్య, దోపిడీ, చిత్రహింస పోలిష్ చట్టంలోనూ జర్మన్ చట్టంలోనూ అప్పటికే నేరాలు. ఆక్రమిత ప్రాంత ప్రజలను కాపాడే హేగ్ ఒప్పందం 1907 నుంచి ఉంది. ఈ భాగంలో డిఫెన్స్ వాదన నిలవదు. దురాక్రమణ యుద్ధానికి కుట్ర చేయడం అనే నేరం సంగతి వేరు. దాని మీద న్యాయవేత్తల్లో నిజంగానే భేదాభిప్రాయాలున్నాయి. డాన్‌జిగ్‌లో చేసిన పనులకు గాను ఈ నేరం కింద కూడా గ్రైజర్‌ను దోషి అన్నారు, నాజీ పెద్దలను విచారించిన న్యూరెంబర్గ్ కోర్టు తీర్పు రావడానికి రెండు నెలలకు పైగా ముందే. ఇలాంటి నేరం అప్పటి అంతర్జాతీయ చట్టంలో లేదని టోక్యో విచారణలో జపాన్ నాయకుల విషయంలో భిన్నమైన తీర్పు రాసింది మన కలకత్తా హైకోర్టులో పనిచేసిన జస్టిస్ రాధాబినోద్ పాల్. ఆయన వాదన ఇప్పటికీ లా కాలేజీల్లో చర్చకు వస్తుంది. కానీ గ్రైజర్ కేసులో కుట్ర ఆరోపణ మొత్తం తీసేసినా, హెల్మ్నో ఒక్కటి చాలు.

జాతి నిర్మూలన అనే భావనను వాడిన తొలి తీర్పుల్లో కూడా ఇది ఒకటి. ఆ నేరం మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం 1948లో గానీ రాలేదు.

## ఉరి, ఆ తర్వాత

క్షమాభిక్ష కోరుతూ గ్రైజర్ దేశాధినేత బియెరూత్‌కు అర్జీ పెట్టుకున్నాడు. పోప్ 12వ పయస్ తరఫున కూడా విన్నపం వెళ్లింది. అంతమంది ఫాదర్లను క్యాంపులకు పంపిన మనిషికోసమా అని పోలండ్‌లో దుమారం రేగింది. విన్నపాలు ఫలించలేదు. 1946 జూలై 21 ఆదివారం పొద్దున పోజ్నాన్‌లోని పాత సైనిక దుర్గం వాలు మీద వేలాది మంది చూస్తుండగా ఉరి తీశారు. చావును ఇలా తిరునాళ్ల వేడుకలా చేయడం ఏమిటని పోలిష్ వాళ్లలోనే చాలామంది నిరసన తెలిపారు. తర్వాత అక్కడ బహిరంగ ఉరి జరగలేదు.

ఫోర్‌స్టర్‌ను 1952లో వార్సాలో ఉరి తీశారు. గ్రైజర్ పక్కనే పోలీసు అధికారం చూసుకున్న విల్‌హెల్మ్ కొప్పె మాత్రం భార్య ఇంటిపేరు పెట్టుకుని బాన్ నగరంలో ఒక చాక్లెట్ ఫ్యాక్టరీకి డైరెక్టర్ అయ్యాడు. 1960లో గానీ దొరకలేదు. కేసు కోర్టుకు వచ్చింది గానీ, ఆరోగ్యం బాగా లేదని విచారణ ఆపేశారు. 1975లో బాన్‌లోనే చనిపోయాడు.